ఇద్దరు స్టార్లున్నా రట్గర్స్ ఎందుకు ఓడింది?

సంపాదకుడు గారికి నమస్తే,

మీ ఎన్నారై పేజీలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. కాలేజీ పిల్లలకి డబ్బులివ్వడం మొదలెట్టాక ఆట పాడైపోయింది అని తేల్చేశారు. ఆట మారిన మాట నిజమే గానీ నింద మాత్రం తీసుకెళ్లి డబ్బు మీద వేశారు, అక్కడే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్. రట్గర్స్ టీమ్ ఆడే పిస్కాటవే మాకు పక్కూరే, మా చుట్టుపక్కల మనోళ్ల పిల్లలు బోలెడంతమంది చదివేది కూడా ఆ యూనివర్సిటీలోనే. నేను కోచ్‌నేం కాదు, ఉత్త ఫ్యాన్‌ని, కానీ మ్యాచ్‌లు వదలకుండా చూస్తా కాబట్టి మా దగ్గర జరిగిన కేసే చెప్తా.

2024-25 సీజన్‌లో రట్గర్స్‌కి డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ అని ఇద్దరు కుర్రాళ్లు ఒకేసారి వచ్చారు. ఆ ఏడాది హైస్కూల్ నుంచి బయటికొచ్చిన వాళ్లలో దేశం మొత్తం మీద పైవరసలో ఉన్నోళ్లు. ఇద్దరూ కలిపి మ్యాచ్‌కి 37 పాయింట్ల దాకా కొట్టారు, ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టీములు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో హార్పర్‌ని రెండో నంబర్‌కి శాన్ ఆంటోనియో, బెయిలీని అయిదో నంబర్‌కి యూటా తీసుకున్నాయి. మరి టీమ్ ఏం చేసింది అంటే 15 గెలిచి 17 ఓడింది. కాలేజీ ఛాంపియన్ ఎవరో తేల్చడానికి మార్చిలో జరిగిన 68 టీముల టోర్నమెంట్‌కి పిలుపే రాలేదు. నవంబర్లోనే కెన్నెసా స్టేట్ లాంటి పేరు లేని టీమ్ చేతిలో ఓడినప్పుడే తేడా కొడుతోందని అర్థమైపోయింది.

ఇక్కడ మా మనోళ్లందరూ "ఓవర్ హైప్ అన్నా, ఆ పిల్లలకి ఆట రాదు" అని కొట్టిపారేశారు. అది కాదు సంగతి. కాలేజీ ఆట వేరు, ఎన్‌బీఏ ఆట వేరు. కాలేజీలో మూడు పాయింట్ల లైన్ 22 అడుగుల చిల్లర, ఎన్‌బీఏలో 23 అడుగుల 9 అంగుళాలు. పైగా ఎన్‌బీఏలో డిఫెన్స్ ఆడే పొడుగోడు ఎవరికీ కాపలా కాయకుండా బాస్కెట్ కింద మూడు సెకన్లకి మించి నిలబడితే తప్పు, కాలేజీలో ఆ రూలే లేదు, జోన్ (మనిషిని కాకుండా చోటుని కాపలా కాయడం) వేసుకుని ఆటంతా అక్కడే పాతుకుపోవచ్చు. హార్పర్ బలం ఏంటి, బంతి పట్టుకుని లోపలికి దూసుకెళ్లడం. కాలేజీలో వాడు లోపలికి వెళ్తే ముగ్గురు ఎదురొచ్చేవాళ్లు, బయటికి పాస్ ఇస్తే నమ్మకంగా షాట్ వేసేవాడు లేడు. బెయిలీ ఏమో ఎదురుగా చెయ్యి అడ్డం ఉన్నా సరే మధ్య దూరం నుంచి లేచి కొట్టేస్తాడు, పడితే అద్భుతం, పడకపోతే అవతలోళ్లు పరుగో పరుగు. డిఫెన్స్‌కి పేరున్న కోచ్ స్టీవ్ పైకియెల్ టీమ్ డిఫెన్స్‌లోనే తేలిపోయింది, ఎందుకంటే డిఫెన్స్ అనేది ఎవడు ఎప్పుడు వదిలేసి ఎవడికి సాయం వెళ్లాలో మాట్లాడుకోకుండానే తెలియడం, అది కొత్తగా కలిసిన పిల్లలకి అయిదు నెలల్లో వచ్చేది కాదు.

ఇదే కోచ్, ఇదే కోర్టు, నాలుగేళ్లు వెనక్కి వెళ్దాం. 2021లో రట్గర్స్ 30 ఏళ్ల తర్వాత టోర్నమెంట్‌కి వెళ్లింది, క్లెమ్సన్‌ని కొట్టింది, హ్యూస్టన్‌తో 63-60 దాకా పోరాడి ఓడింది. ఆ టీమ్‌లో డ్రాఫ్ట్ టాప్ అయిదులోకి వెళ్లే మొహం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా జియో బేకర్, రాన్ హార్పర్ జూనియర్, కేలెబ్ మెక్‌కానెల్ లాంటి ఏళ్ల తరబడి కలిసి ఆడినోళ్లు. ఈ రాన్ ఎవరో కాదు, డిలన్‌కి సొంత అన్న. అదే ఏడాది డిసెంబర్లో పర్‌డ్యూ చరిత్రలో మొదటిసారి నంబర్ వన్ ర్యాంకుతో ఇక్కడికొచ్చింది, చివరి సెకన్లలో 68-67తో ముందుంది, రాన్ బంతి తీసుకుని కోర్టు మధ్య గీత దగ్గర్నుంచే లేపాడు, పడింది, 70-68. జనం కోర్టు మీదకి ఉరికేశారు. అది లక్కే, కాదనను, కానీ నంబర్ వన్ టీమ్‌తో చివరి సెకను దాకా ఒక్క పాయింట్ తేడాలో ఉండటం లక్ కాదు కదా.

మరి తమ్ముడు రెండో నంబర్‌కి పోయాడు, అన్నని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. కాలేజీలో గెలిపించేది ఒకటి, ఎన్‌బీఏ వాళ్లు కొనుక్కునేది ఇంకొకటి.

2025 కాలేజీ ఛాంపియన్ ఫ్లోరిడాని చూడండి. గార్డులు (బంతి నడిపే, బయటి నుంచి షాట్లు వేసే ప్లేయర్లు) ముగ్గురూ చిన్న టీముల నుంచి వచ్చిన సీనియర్లు, వాల్టర్ క్లేటన్ అయోనా నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి. ఫైనల్లో హ్యూస్టన్ సెకండాఫ్‌లో 12 పాయింట్లు ముందుకెళ్లింది. క్లేటన్ ఫస్టాఫ్‌లో సున్నా. అయినా చివరి సెకన్లలో హ్యూస్టన్ కుర్రాడు మూడు పాయింట్ల షాట్‌కి గాల్లోకి లేచేసరికి క్లేటన్ ఎగిరి మీదకొచ్చేశాడు, వాడు షాట్ వేయలేక బంతి వదిలేశాడు, మళ్లీ ముట్టుకుంటే తప్పు కాబట్టి కళ్లముందే బంతి ఎగురుతున్నా పట్టుకోలేడు, ఈలోపు టైమ్ అయిపోయింది, 65-63. టైటిల్ తెచ్చింది షాట్ కాదు, ఆ ఒక్క డిఫెన్స్. ఆ క్లేటన్ డ్రాఫ్ట్‌లో 18వ నంబర్.

డ్యూక్ సంగతేంటి అని ఎవరైనా అడుగుతారు. నిజమే, కూపర్ ఫ్లాగ్‌తో సహా ముగ్గురు ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) కుర్రాళ్లతో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు) దాకా వెళ్లారు, ముగ్గురూ డ్రాఫ్ట్‌లో మొదటి పదిలో పోయారు. అంత టాలెంట్ కుప్పపడితే వయసు ఎవడు చూస్తాడు. కానీ అక్కడ కూడా చివర్లో ముందుండి వయసులో పెద్దోళ్లున్న టీమ్ హ్యూస్టన్‌కి 70-67తో మ్యాచ్ అప్పజెప్పారు.

ఇప్పుడు డబ్బు విషయానికొస్తా. 2021 జులై నుంచి ప్లేయర్లు తమ పేరూ ఫొటో ప్రకటనలకి ఇచ్చి సంపాదించుకోవచ్చు, 2025 జూన్‌లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత కాలేజీయే నేరుగా ఇవ్వొచ్చు, అన్ని ఆటలూ కలిపి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇది ఇవ్వాల్సిందే అంటాను నేను. స్టేడియం నిండేది వాళ్లని చూసి, టీవీ వాళ్లు కోట్లు ఇచ్చేది వాళ్లని చూసి, ఇన్నాళ్లూ ఆ కుర్రాళ్లకి తప్ప అందరికీ ముట్టింది. అసలు చిక్కు ఎక్కడంటే, డబ్బొచ్చింది గానీ కట్టుబాటు రాలేదు. 2024 నుంచి ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చు, మారినందుకు ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిన పని లేదు. జాతరకి పిలిపించిన డ్రామా ట్రూపు లాగా ప్రతి ఏడాదీ కొత్త టీమ్. దీని దెబ్బ ముందు చిన్నోళ్ల మీద పడుతుంది. మన జెర్సీ సిటీలోనే ఉన్న సెయింట్ పీటర్స్ 2022లో కెంటకీని, పర్‌డ్యూని కొట్టి చివరి ఎనిమిదిలోకి వెళ్లింది, 15వ సీడ్ (ఒక్కో గ్రూపులో ఇచ్చే 16 ర్యాంకుల్లో 15వది) టీమ్ అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి, సీజన్ అవగానే కోచ్ సీటన్ హాల్‌కి, ముఖ్యమైన ప్లేయర్లు తలో దిక్కుకి. 2025లో చివరి పదహారు టీములూ నాలుగు పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీలు కలిసి ఆడుకునే గ్రూపుల)వే, చిన్న టీమ్ ఒక్కటి లేదు.

ఎన్‌బీఏలో ఇంతకంటే ఎన్నో రెట్ల డబ్బుంది, మరి అక్కడ ఈ గోల ఎందుకు లేదు? ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్న కుర్రాడికి జీతం లెక్క ముందే రాసి ఉంటుంది, టీమ్ కావాలనుకుంటే నాలుగేళ్లు ఉంచుకోవచ్చు. 2025లో గెలిచిన ఓక్లహోమా సిటీలో జేలెన్ విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్ ఇద్దరూ అప్పటికి ఇంకా ఆ మొదటి కాంట్రాక్టులోనే ఉన్నారు, అందుకే ఆ టీమ్ కలిసి పెరగడానికి టైమ్ దొరికింది. ప్లేయర్ల యూనియన్ కూర్చుని ఒప్పుకున్న రూల్ కాబట్టి కోర్టులో నిలబడుతుంది. కాలేజీలేమో తమ ప్లేయర్లని ఉద్యోగులు అనడానికి ఒప్పుకోవు, ఉద్యోగులు కాకపోతే యూనియన్ ఒప్పందం లేదు, అది లేకుండా పెట్టిన ప్రతి రూల్ మీదా ఎవడో ఒకడు కేసు వేస్తాడు, రూల్ ఎగిరిపోతుంది. ఈ ముడి విప్పకుండా పిల్లల్ని దురాశపరులు అనడం ఏం న్యాయం?

కాబట్టి నేననేది, ఇచ్చేది బాగా ఇవ్వండి, రెండేళ్ల కాంట్రాక్టు రాయించుకోండి, మధ్యలో పోతే తీసుకునే కాలేజీ పాత కాలేజీకి డబ్బు కట్టాలి. ఆ డబ్బు సెయింట్ పీటర్స్ లాంటి వాళ్లకి వెళ్తే కనీసం వచ్చే టీమ్‌ని కట్టుకుంటారు. కోచ్‌లు వెళ్లిపోతే కట్టే పద్ధతి ఎలాగూ ఉంది, ప్లేయర్లకి ఎందుకు ఉండకూడదు.

ఇంకోటి, రట్గర్స్ ప్రైవేటు క్లబ్ కాదు, రాష్ట్ర యూనివర్సిటీ. దాని ఆటల విభాగం సొంత ఆదాయంతో నడవట్లేదు, స్టూడెంట్ ఫీజులూ యూనివర్సిటీ సొమ్మూ అందులోకి పోతున్నాయి, అంటే మా పిల్లలకి కట్టే ఫీజులో కొంత. ప్లేయర్ల పేర్లు చెప్పొద్దు, ఏ ఆటకి ఎంత, ఎన్నేళ్లకి అనేది ఏడాదికోసారి బయటపెడితే చాలు. మీ పేజీలో ఇక్కడి కాలేజీ ఫీజుల గురించి తరచుగా రాస్తుంటారు కదా, ఈసారి రాసేటప్పుడు రట్గర్స్ వాళ్లని ఈ లెక్క కూడా అడగండి.

ఇట్లు,
ఒక బాస్కెట్‌బాల్ ఫ్యాన్,
ఎడిసన్, న్యూజెర్సీ