నీ కారు దిగాక చెప్పలేకపోయిన మాట

కన్నా,

మొన్న నీ కొత్త పోర్షే 911 నడిపి దిగగానే "ఎలా ఉందమ్మా?" అని ఆశగా అడిగావు. "బాగుంది" అని ఊరుకున్నాను. నీ మొహం చిన్నబోయింది, నేను చూశాను. ఇష్టపడి, ఏళ్ల తరబడి డబ్బు దాచి కొనుక్కున్న బండి గురించి ఒక్క మాటతో సరిపెట్టడం నా తప్పే. అప్పుడు నోటికి రానిది ఇప్పుడు రాస్తున్నాను.

అంత నిబ్బరంగా రోడ్డును పట్టుకునే కారును నేనెప్పుడూ నడపలేదు. 385 హార్స్‌పవర్, నాలుగు సెకన్లు దాటీ దాటకముందే 100 కిలోమీటర్ల వేగం. నువ్వు పక్కనుంచి "ఇంకా నొక్కమ్మా" అంటుంటే నొక్కాను, వీపు సీటుకు అతుక్కుపోయింది. గేర్లు ఎప్పుడు మారాయో కూడా తెలియలేదు. కానీ ఆ పెద్ద మలుపు దాటాక మీటరు చూస్తే, నేననుకున్న దానికంటే 30 ఎక్కువ ఉంది. అంత వేగంలో ఉన్నామని నా చేతులకు తెలియలేదు, నడుముకు తెలియలేదు. నాకు వెలితిగా అనిపించింది అక్కడే.

నా మాజ్దా మియాటా, పైకప్పు తీసేయగలిగే చిన్న రెండు సీట్ల కారు, 1990 నాటిది. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, వంద అందుకోవడానికి తొమ్మిది సెకన్లు. కానీ బరువు టన్ను కూడా లేదు. నీది ఒకటిన్నర టన్ను. (1963లో వచ్చిన మొట్టమొదటి 911 కూడా 130 హార్స్‌పవర్‌తో, సుమారు 1,080 కిలోలే ఉండేది. నీ బండి పూర్వీకులు నా బండికి దగ్గరి చుట్టాలే అన్నమాట.) మాజ్దా వాళ్లు ఈ కారు చేసేటప్పుడు 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి చిన్న బ్రిటిష్ కార్లను ఆదర్శంగా పెట్టుకున్నారు. "జిన్బా ఇత్తాయ్" అన్నది వాళ్ల మాట. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవడం అని అర్థం. నాకు ఆ మాట ఎంత ఇష్టమో చెప్పలేను, ఎందుకంటే రోజూ స్టీరింగ్ పట్టుకున్న ప్రతిసారీ అది నిజమని నా చేతులకు తెలుస్తుంది.

స్టీరింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నా కారుకు పవర్ స్టీరింగ్ లేదు. పార్కింగ్‌లో తిప్పాలంటే భుజాలు నొప్పెడతాయి. బండి కదిలాక మాత్రం రోడ్డు మీద ప్రతి గతుకూ అరచేతిలోకి వస్తుంది. మలుపు తీసుకునేటప్పుడు ముందు స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇంకా వేగంగా వెళ్తే, ముందు టైర్లు పట్టు కోల్పోవడానికి కాస్త ముందు, ఆ బరువు ఉన్నట్టుండి సడలుతుంది. "ఇక చాలు" అని కారు నా చెయ్యి పట్టుకుని చెప్పినట్టే ఉంటుంది. 2011లో 911కి కూడా మోటారు సాయంతో తిరిగే ఎలక్ట్రిక్ స్టీరింగ్ వచ్చింది. ఇంధనం ఆదా అవుతుంది, గతుకుల దెబ్బ చేతికి తగలదు, మంచిదే. ఆ దెబ్బతో పాటు ఆ కబురు కూడా చాలావరకు దారిలోనే ఆగిపోతుంది.

ఇంకొకటి, గేరు. నీ కారులో స్టీరింగ్ వెనక మీట నొక్కితే చాలు. నా దాంట్లో మలుపు ముందు మూడు నుంచి రెండుకు దిగాలంటే కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కి ఉంచి, ఎడమ కాలితో క్లచ్ తొక్కి, అదే కుడి పాదం అంచుతో యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, ఇంజిన్ వేగం సరిపోయిన క్షణంలో క్లచ్ వదలాలి. కుదిరితే గేరు వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది, కుదరకపోతే బండంతా ఒక్క కుదుపు. ఇది పట్టుబడడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఇప్పటికీ పదిసార్లలో రెండుసార్లు తప్పుతుంది. ఆ మిగతా ఎనిమిది సార్లు కలిగే సంతోషం నీ కారు నాలుగు సెకన్లలో నాకు దొరకలేదు, కన్నా.

పైగా ఈ సంతోషానికి వేగం అక్కర్లేదు. రెండో గేరును చివరిదాకా లాగినా 90 దగ్గర ఆగిపోతుంది. బండి శక్తినంతా వాడుకోవడానికి మరీ ప్రమాదకరమైన వేగాలకు వెళ్లక్కర్లేదు. నీ కారులో ఉన్నదాన్నంతా బయటికి తీయాలంటే రేస్ ట్రాకే కావాలి.

పాతవన్నీ గొప్పవని నేననడం లేదు. 2015లో వచ్చిన మియాటా కూడా దాదాపు టన్ను బరువే, చేత్తో మార్చే గేర్లతోనూ దొరుకుతుంది. నాకు కావలసింది పాతదనం కాదు, ఆ తేలికదనం, చేతికి పని.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. నువ్వు చిన్నవాడివిగా ఉన్నప్పుడు ఒక వానలో మలుపు మధ్య తొందరపడి యాక్సిలరేటర్ నొక్కాను. వెనక చక్రాలు జారి కారు గిర్రున తిరిగి, వచ్చిన దారి వైపు మొహం పెట్టి ఆగింది. దాంట్లో బ్రేకు నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే, జారితే ఆపే కంప్యూటర్ లేదు. ఎదురుగా ఏ బండీ రాకపోవడం మన అదృష్టం. చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. నీ కారైతే అంత తేలిగ్గా జారనిచ్చేది కాదు. అందుకే రాత్రిపూట వానలో దూరం వెళ్తున్నానని నువ్వు చెప్పినప్పుడు, ఆ కారులో వెళ్తున్నావని తలచుకుని నిశ్చింతగా నిద్రపోతున్నాను.

ఈసారి నువ్వు వచ్చినప్పుడు నా కారు తాళం నీకే ఇస్తాను. తెల్లవారుజామున, రోడ్డు పొడిగా ఉన్న రోజు చూసి వెళ్దాం. పైకప్పు తీసేద్దాం. మొదటి పది నిమిషాలు ఇంజిన్‌ను నిమిషానికి 3,000 చుట్లు దాటనివ్వకు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త మొండికేస్తుంది, బలవంతం చేయకు, వేలితో ఆనించి ఉంచు. వేడెక్కాక అదే పడుతుంది.

ప్రేమతో,
అమ్మ