ఆ కొలతలు ఆ ఊరికి చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

భూగర్భ బొగ్గు గనుల్లో సర్వేయరుగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఉప్పల్‌లో స్థిరపడ్డాను. నేల ఎంత కుంగిందో కొలవడమే నా ఉద్యోగం. ఊరి మీదుగా వరసగా పాతిన సిమెంటు దిమ్మెల మీద, ఎత్తు కొలిచే అంకెలున్న లెవెల్ కర్ర నిలబెట్టి, అంకెలు రాసుకుని, పుస్తకం మూసి వచ్చేసేవాళ్లం. ఒక ఊళ్లో దిమ్మె పక్కనే ఇల్లున్న ముసలమ్మ ఒకసారి నన్ను ఆపింది. “నెలనెలా వస్తావు, మా ఇంటి ముందు కొలుచుకుని పోతావు. ఏం రాసుకున్నావో మాకు చెప్పవా బిడ్డా?” అని అడిగింది. చెప్పే అధికారం నాకు లేదన్నాను. అది నిజమే. అయినా ఆ జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని దుమ్ము, పేలుళ్లు అందరికీ తెలుస్తాయి కాబట్టి వార్తల్లోకి వస్తాయి. భూగర్భ గని మీద వరి పచ్చగానే ఉంటుంది. కింద బొగ్గు తవ్వుతూ కప్పు కూలకుండా స్తంభాలు వదులుతారు. చివరికి ఆ స్తంభాలనూ తీస్తారు, దాన్నే డిపిల్లరింగ్ అంటాం. ఖాళీలో ఇసుక నింపితే పైన నేల కొద్దిగానే దిగుతుంది. నింపకుండా కప్పును కూలనిస్తే పై పొరలు వంగి, నేల పళ్లెంలా కుంగుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. పళ్లెం నడుమ ఉన్న ఇల్లు ఎక్కువ దిగినా, సమంగా దిగితే తట్టుకోవచ్చు. అంచున ఉన్న ఇల్లు దిగేది కొద్దిగానే, కానీ అక్కడ నేల సాగుతుంది, గోడ చీలుతుంది. కాబట్టి ‘గరిష్ఠంగా ఇంత కుంగింది’ అనే ఒక్క అంకె ఆ ఇంటివాళ్లకు దేనికీ పనికిరాదు. ఏ దిమ్మెకూ ఏ దిమ్మెకూ మధ్య మీటరుకు ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో చెప్పాలి. ఆ లెక్క సర్వే పుస్తకాల్లో ఉంటుంది.

నీటి సంగతి ఇంకా చిక్కు. గని నడవాలంటే లోపలి నీటిని రాత్రింబవళ్లు తోడాలి. దాంతో చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం తగ్గవచ్చు. ఎంత దూరం వరకు అన్నది రాతి పొరలను బట్టి ఉంటుంది. పగుళ్లు తోడైతే మడిలో నీరు కూడా నిలవదు. బొగ్గులోని గంధక ఖనిజాలకు గాలి, నీరు తగిలితే సల్ఫేటు, ఇనుము నీటిలో కలుస్తాయి. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయలోని జైంతియా కొండల్లో బొగ్గు తవ్వకాల వల్ల నదులు ఆమ్లంగా మారినట్టు ఇక్కడ జరగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మన దగ్గర చూడవలసింది నీటి కాఠిన్యం, సల్ఫేటు, కరిగిన లవణాలు, ఫ్లోరైడ్. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు మాత్రమే 1.5 వరకు సర్దుకోవచ్చనీ భారత ప్రమాణం. తెలంగాణలో చాలాచోట్ల రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. రైతు గని వల్లే అంటాడు, అధికారి రాయి వల్లే అంటాడు. తవ్వకానికి ముందు ఆ బావిలో ఎంత ఉండేదో రాసిపెట్టకపోతే ఈ తగవు ఎప్పటికీ తెగదు.

నిబంధనలు లేవని కాదు. బొగ్గు గనుల పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా ఉండే షరతుల ప్రకారం నీటిమట్టాన్ని మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో కొలవాలి. నేల కదలిక పూర్తిగా ఆగేదాకా కుంగుబాటును గమనిస్తూ ఉండాలి, పగుళ్లను బంకమట్టితో పూడ్చాలి. అమలు నివేదికను ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించాలి. నీటి నాణ్యతను మాత్రం మేలో ఒక్కసారి చూస్తే చాలన్నట్టుగా రాస్తారు. తొలి వానలకు గని ఆవరణలోంచి ఏమేం కొట్టుకొస్తాయో మే నెల నమూనాకు ఎలా తెలుస్తుంది? ఆ నివేదికలు ప్రజలు చూడదగ్గ పత్రాలే. ఇంగ్లీషులో, పెద్ద పట్టికల్లో ఉంటే ఏ బావి ఎవరిదో ఆ ఊరివాళ్లు ఎలా పోల్చుకుంటారు?

ఇదంతా హైదరాబాద్‌వాళ్లకు ఎందుకని అడగవచ్చు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడితే, 1886లో దాన్ని తవ్వే హక్కు పొందిన కంపెనీ పేరులోనే హైదరాబాద్ ఉంది. 2015 నుంచి మన కుళాయిల్లోకి వస్తున్న గోదావరి నీరు ఆ బొగ్గు ప్రాంతంలోని ఎల్లంపల్లి జలాశయానిదే. పైగా ఈ విషయాల్లో ఆరితేరిన సంస్థలన్నీ మన మధ్యే ఉన్నాయి. మా ఉప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, సనత్‌నగర్‌లో కాలుష్య నియంత్రణ మండలి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహం పన్నెండు రోజులకోసారి ఒకే చోటును చూసి, నేల సెంటీమీటరు మేర కదిలినా పసిగట్టగలదు. అలాగని లెవెల్ కర్రను అటకెక్కించకూడదు. ఏ గోడ పక్కన ఏం జరిగిందో దగ్గర నిలబడి చూసినవాడే చెప్పాలి.

నేను కోరేది కొత్త చట్టం కాదు. కొలిచిన పదిహేను రోజుల్లోగా బావి నంబరు, దిమ్మె నంబరు వేసి, గత కొలత పక్కన కొత్త కొలత తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయంలో పెట్టాలి. డిపిల్లరింగ్ మొదలుపెట్టక ముందే ప్రతి ఇంటి గోడలనూ ఫోటో తీసి, ఒక ప్రతి ఇంటి యజమాని చేతికివ్వాలి. నీటి నాణ్యతను తొలి వానల తర్వాత కూడా పరీక్షించాలి. గని మూతపడ్డాక కూడా ఇది ఆగకూడదు. నీరు తోడే మోటార్లు ఆపితే తవ్విన ఖాళీలన్నీ నీటితో నిండుతాయి, ఆ నీరు బావుల్లోకి ఎలా వస్తుందో అప్పుడే తెలుస్తుంది. సరిగ్గా ఆ సమయానికే సర్వేయర్లను వేరే గనికి బదిలీ చేస్తారు. నన్నూ అలాగే చేశారు. ఆ ముసలమ్మ ఇంటి ముందు దిమ్మె మీద చివరి కొలత నేను తీసిందేనేమో!

ఇట్లు,
ఒక విశ్రాంత గని సర్వేయరు,
ఉప్పల్, హైదరాబాద్