నేవీ యూనిఫాం తీసేశాక

సంపాదకులకు నమస్కారం.

సైనికాధికారుల గురించి మన పత్రికల్లో వచ్చేవి చాలావరకు పతకాల దగ్గరే ఆగిపోతాయి. అడ్మిరల్ రామదాస్‌నే తీసుకోండి. 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ బియాస్ యుద్ధనౌకను నడిపి, తూర్పు పాకిస్తాన్ తీరాన్ని దిగ్బంధించినందుకు వీరచక్ర అందుకున్నారు. 1990 నుంచి 1993 దాకా నౌకాదళాధిపతి. వైద్య విభాగం బయట కూడా మహిళలను అధికారులుగా తీసుకోవడం ఆయన హయాంలోనే, 1992లో మొదలైంది. ఇదంతా అందరూ రాస్తారు.

నన్ను కదిలించింది ఆ తర్వాతి కథ. ఏ దేశంతో యుద్ధం చేశారో ఆ దేశ ప్రజలతోనే స్నేహం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. భారత్-పాక్ ప్రజల శాంతి వేదికలో ముందుండి పనిచేశారు. 2004లో పాకిస్తాన్‌కు చెందిన మానవ హక్కుల కార్యకర్త ఐ.ఏ. రెహమాన్‌తో కలిసి రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. మహారాష్ట్రలోని అలీబాగ్ దగ్గర సేద్యం చేసుకుంటూ బతికారు. 2024 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

మా కొరుక్కుపేటలో నేవీలో చేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. సాయంత్రం అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెబుతారు. మధ్యలో తాడు ముక్క తీసి, ఎంత లాగినా జారని, విప్పబోతే ఇట్టే విడిపోయే ముడి వేయిస్తారు. మా మనవడికి ఆ పది నిమిషాల కోసమే ట్యూషన్! ఆయన పైసా తీసుకోరు.

ఇలాంటివాళ్లు చెన్నైలో ఇంకెంతమంది ఉన్నారో! వారానికొకరి గురించైనా మీ పత్రికలో రాయండి.

– ఒక పాఠకుడు, కొరుక్కుపేట, చెన్నై