జేమ్స్ హార్నర్ పదో వర్ధంతి – ఆదివారం అందరూ రావాలి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం, జూన్ 22కి, హాలీవుడ్ సినిమా సంగీత దర్శకుడు హార్నర్ గారు పోయి పదేళ్లు. 2015లో కాలిఫోర్నియాలో తన సొంత విమానం తానే ఒక్కరే నడుపుతుండగా అది కూలిపోయింది. వయసు 61. ‘టైటానిక్’కి రెండు ఆస్కార్లు తీసుకున్న మనిషి!

సాయంత్రం 6 గంటలకు మా మేడ మీద కలుద్దాం. వాన పడితే కింద హాల్లో.

తలా ఒక ట్రాక్ తేవాలి, 5 నిమిషాలు మించకుండా. ఏ ట్రాక్ తెస్తున్నారో ఈ శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే రాయండి. ముందే ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోండి, మా వైఫైని నమ్మకండి.

‘టైటానిక్’ పాట ‘మై హార్ట్ విల్ గో ఆన్’ ఎవరూ ఎంచుకోవద్దు, అది చివర్లో అందరం వింటాం. సినిమాలో పాట వద్దని దర్శకుడు కామెరాన్ అంటే, ఈయన గుట్టుగా రికార్డు చేయించి తర్వాత వినిపించారు. ఆ మొండితనం లేకపోతే మనకా పాటే లేదు.

‘బ్రేవ్‌హార్ట్’, ‘అపోలో 13’ రెండూ 1995లోనే చేశారు. వాటిని ఎవరైనా తీసుకోండి ప్లీజ్. ‘అవతార్’ నాది, పోటీకి రావద్దు 😄

టీ, పకోడీ మావే. బ్లూటూత్ స్పీకర్ ఉన్నవాళ్లు చార్జింగ్ పెట్టి తీసుకురండి.