అమ్మకి నువ్వే చెప్పాలి మావయ్యా

మావయ్యా,

ఎలా ఉన్నావు? అత్త మోకాలి నొప్పి తగ్గిందా? నిజానికి ఈ ఉత్తరం అమ్మకి రాయాల్సింది. ధైర్యం చాలక నీకు రాస్తున్నాను. చదివి, సమయం చూసి, నీ మాటల్లో చెప్పు.

షాపులో పని మానేశాను. పోయిన గురువారం నాకు లారీ లైసెన్సు వచ్చింది. అమెరికాలో దీన్ని సీడీఎల్ అంటారు. నాది క్లాస్ ఏ. అంటే ముందు ఇంజను బండి, వెనక తగిలించిన 53 అడుగుల ట్రైలరు. సరుకుతో కలిపి 80,000 పౌండ్ల దాకా ఉండొచ్చు, మన లెక్కలో 36 టన్నుల పైమాటే.

"చదివిన చదువు ఏమైంది?" అని అమ్మ అడుగుతుంది కదా, ఆ చదువంతా దీనికే సరిపోయిందని చెప్పు. ముందు డాక్టరు పరీక్ష. కళ్ళూ, బీపీ, షుగరూ చూశాక, ఐదడుగుల దూరంలో నిలబడి గుసగుసగా ఏదో అన్నాడు. అది నేను తిరిగి చెప్పాలి, చెవులు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి. చెప్పేశాను. వంటింట్లోంచి అమ్మ పదిసార్లు పిలిచినా వినపడని చెవులు ఇవేనా అనుకున్నాను. ఆ తర్వాత రాత పరీక్షలు మూడు: మామూలు రూల్స్ మీద ఒకటి, ఎయిర్ బ్రేకుల (గాలి ఒత్తిడితో పనిచేసేవి) మీద ఒకటి, ట్రైలరు తగిలించిన బండి మీద ఒకటి. నూటికి 80 రావాలి. పాసైతే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. అది చేతికొచ్చాక 14 రోజులు ఆగితే గానీ బండి పరీక్షకి పోనివ్వరు.

తెలిసినవాడి పక్కన కూర్చుని నేర్చుకుంటే చాలదు. 2022 ఫిబ్రవరి 7 నుంచి, సర్కారు జాబితాలో ఉన్న స్కూల్లోనే శిక్షణ తీసుకోవాలని పెట్టారు. ఇన్ని గంటలని కేంద్రం లెక్క పెట్టలేదు గానీ, నేర్పినాయన "వీడికి వచ్చింది" అని సర్కారు రికార్డులో ఎక్కిస్తే తప్ప బండి పరీక్ష లేదు. నాకు నాలుగు వారాలు పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదటిసారి ఫెయిలయ్యాను. తోలడంలో కాదు. బండి అంగుళం కదలకముందే!

పరీక్షలో మొదటి భాగం బండి చూపించడం. ఒక్కొక్క భాగం మీద వేలు పెట్టి, దాని పేరు చెప్పి, "పగల్లేదు, వంగలేదు, విరగలేదు, కారడం లేదు" అని పైకి అనాలి. మనసులో చూసుకుంటే చూసినట్టు కాదు. ముందు టైర్ల గాడి, ఇంచిని 32 భాగాలు చేస్తే నాలుగు భాగాల లోతు ఉండాలి, మిగతావాటికి రెండు చాలు. ఇంట్లో అద్దం ముందు నిలబడి పూజారిలా వల్లించాను. పక్కగదిలోవాడు నాకేమైనా అయిందేమో అనుకున్నాడు.

అవన్నీ బాగా చెప్పాను. బ్రేకుల దగ్గర తప్పాను. ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వదిలి, పెడలు గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. ఆ నిమిషంలో గాలి ఒత్తిడి 4 పౌండ్లకి మించి పడకూడదు. తర్వాత పెడలు తొక్కుతూ వదులుతూ గాలి తగ్గిస్తూ పోతే, 55 పౌండ్ల కంటే ముందే బజరు మోగాలి. ఇంకా తగ్గిస్తే 45కీ 20కీ మధ్య డ్యాష్‌బోర్డు మీది బ్రేకు బటన్లు టప్పుమని బయటికి తన్నుకొస్తాయి. నేను తొక్కుతున్నాను, ముల్లు దిగుతోంది, బజరు మోగదు. 60, 50, 40... చెమటలు. బటన్లు టప్పుమన్నాయి. పక్కన కూర్చున్న పరీక్ష పెట్టే ఆయన కాగితం మడిచేశాడు. ఇంజను ఆపాక తాళంచెవి మళ్ళీ ఆన్‌లోకి తిప్పడం మర్చిపోయాను. కరెంటే లేకపోతే బజరెలా మోగుతుంది! ఆ భాగంలో తప్పితే మిగతావి ఎంత బాగా చేసినా ఆ రోజుకి ఇంటికే.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి తాళంచెవి తిప్పి, "తిప్పాను" అని కూడా పైకే చెప్పాను.

రివర్సు మాత్రం నీ పుణ్యమే. మాతోపాటు నేర్చుకునేవాళ్ళు నెలంతా ఏడ్చింది దాని దగ్గరే. స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రైలరు తోక కుడికి పోతుంది, అది వాళ్ళ బుర్రకెక్కదు. నువ్వు నా చేత ట్రాక్టరు ట్రక్కుని కళ్ళంలోకి వెనక్కి పెట్టించేవాడివి, గుర్తుందా? అదే సూత్రం. చెప్పాలంటే మన ట్రక్కే కష్టం. పొట్టిది కాబట్టి చటుక్కున మడతపడేది. ఈ 53 అడుగులది గేదెలా నిదానం. తిప్పి, అది కదిలేదాకా ఓపిక పట్టాలి. ఓపిక లేనివాళ్ళే ఎక్కువ తిప్పేసి ఇరుక్కుంటారు. పరీక్షలో దిగి చూసుకోవచ్చు కూడా. రెండుసార్లు దిగాను.

తగిలించేటప్పుడు కింద దూరి టార్చి వేసి, ట్రైలరు పిన్ను చుట్టూ కొక్కెం పూర్తిగా మూసుకుందో లేదో చూడాలి. ఆ తర్వాత ముందుకి ఓసారి లాగి చూడాలి. కాలవగట్టు మీద మన పిన్ను ఊడి ట్రక్కు ఒంటరిగా దొర్లిన రోజు ప్రతిసారీ గుర్తొస్తుంది.

గేర్ల గురించి అడుగుతావు. సిగ్గుగా ఉంది గానీ, నేను నేర్చుకున్నది ఆటోమేటిక్ మీద. అందుకని మాన్యువల్ తోలకూడదని లైసెన్సు మీదే గుర్తు వేశారు. నవ్వకు.

అమ్మ భయమంతా రాత్రుళ్ళు నిద్ర లేకుండా తోలతానని. ఇది మాత్రం మొదటే చెప్పెయ్: రోజుకి 11 గంటలే తోలాలి, అదీ పని మొదలెట్టిన 14 గంటల్లోపు. ఎనిమిది గంటలు తోలాక అరగంట ఆగాలి. మళ్ళీ బండెక్కాలంటే 10 గంటలు విశ్రాంతి. బండికి తగిలించిన యంత్రమే లెక్క రాస్తుంది, డ్రైవరు రాసుకునేది కాదు. మత్తుమందులంటే మూత్ర పరీక్ష ఉంది, అదీ అయింది.

సోమవారం ఒక కంపెనీలో చేరుతున్నాను. మొదటి కొన్ని వారాలు పక్కన అనుభవం ఉన్న డ్రైవరు ఉంటాడు.

ఫొటో పంపుతున్నాను. అందులో వీపే కనిపిస్తోందని అమ్మ గొడవపెడుతుంది. దిగేటప్పుడు బండివైపే మొహం పెట్టి, రెండు చేతులూ ఒక కాలూ, లేదంటే రెండు కాళ్ళూ ఒక చెయ్యీ ఆనించి దిగాలి. తీసినవాడు సరిగ్గా అప్పుడే నొక్కాడు.

నీ మేనల్లుడు