‘సహకరించాను’ అనే మాట

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. ఆఫీసులో నా అప్రైజల్ (ఏడాది పనితీరు అంచనా) వ్యవహారం తేలకుండా సగం సంగతులు రాయడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ ఆగాను.

మా ల్యాబులో ఒక మందులోని మాలిన్యాలను లెక్కగట్టే ఎచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) పద్ధతి కిందటేడు మమ్మల్ని ఎంత ఏడిపించిందో నీకు తెలుసు. గ్రాఫులో అసలు పీక్ (శిఖరంలా లేచే గీత) భుజానికి ఎద్దు మూపురంలా ఇంకో పీక్ అతుక్కుని ఉండేది, ఒక్కో రన్‌కు, అంటే ఒక్కో పరీక్షకు, 40 నిమిషాలు పట్టేది. కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) మార్చి, బఫర్ పీహెచ్‌ను 3.0 నుంచి 2.5కు దించి, పద్నాలుగో ప్రయత్నంలో ఆ రెండింటినీ విడదీసి, రన్‌ను 22 నిమిషాలకు తెచ్చాను. రివ్యూ సమావేశంలో మా సీనియర్ దానిని తెర మీద చూపిస్తూ ‘మేము సాధించాం’ అన్నారు. ఆ ‘మేము’లో ఎవరెవరున్నారని ఎవరూ అడగలేదు, నేనూ నోరు మెదపలేదు. ఆ కోపమంతా ఆ రాత్రి పప్పులో ఉప్పెక్కువైందన్న మిషతో మా ఆవిడ మీద చూపించాను, అది వేరే కథ.

సెల్ఫ్ అప్రైజల్ ఫారంలో మొదట ‘పద్ధతి రూపకల్పనలో సహకరించాను’ అని రాశాను. రాసినప్పుడు వినయంగానే ఉంది. మర్నాడు చదివితే నా కష్టాన్ని నేనే ఇంకొకరి ఖాతాలో జమ చేసినట్టు కనబడింది. సొంత డప్పు కొట్టుకోకూడదని విని పెరిగినవాళ్ళం కనుక, చేసిన పనిని చేశానని చెప్పడం కూడా మనకు డప్పులాగే వినిపిస్తుంది.

ఎమ్మెస్సీలో ఫాస్ఫరస్ కొలవడానికి మనం చేసిన ఫిస్కే–సుబ్బారో పద్ధతి, ఆ నీలిరంగు గుర్తున్నాయా? 1925లో వచ్చిన ఆ పద్ధతిలో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు నిలిచింది. అంతటి మనిషికీ హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళి, 1948లో చనిపోయేదాకా అక్కడి పరిశోధనలను నడిపించినా, అక్కడ పుట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అనగానే దాన్ని కనుగొన్న డగ్గర్ పేరే ముందు వినబడుతుంది. పరాయి దేశంలో ఉన్న అడ్డంకులన్నీ ఆయన గొంతు పెంచితే తొలగిపోయేవని అనను. కాని ఆయన మౌనాన్ని మనవాళ్ళు సుగుణంగా మెచ్చుకోవడం మాత్రం నాకు ఈమధ్య రుచించడం లేదు.

ఆ వాక్యం కొట్టేసి, ప్రయత్నాల తేదీలు, ఆదా అయిన నిమిషాలు, చేసింది నేనేనన్న మాట సూటిగా రాశాను. తరువాత మేనేజరు గారిని ఇరవై నిమిషాల సమయం అడిగి, ల్యాబ్ నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళాను. చేతులు వణికాయి. ఆయన పేజీలు తిప్పుతూ, “ఇదంతా మీరే చేశారా? ఎప్పుడూ చెప్పలేదేమండీ!” అన్నారు. ఆయనకు నిజంగా తెలియదో, తెలియనట్టు ఉండటమే సౌకర్యమో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ప్రమోషన్ రాలేదు. ఆ పద్ధతి నమ్మదగినదని చూపే వ్యాలిడేషన్ రిపోర్టులో ‘తయారుచేసినవారు’ అన్న చోట మాత్రం నా పేరు చేరింది, జీతం సంగతి అక్టోబరులో మళ్ళీ మాట్లాడదామన్నారు. ఆ తేదీని ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపాను, మాట గాలికి పోకుండా.

నీ ఫారం వచ్చే నెలే కదా, నింపగానే ముసాయిదా నాకు పంపు. అందులో ‘సహకరించాను’ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, ప్రతిదాని పక్కనా ‘అసలు నువ్వేం చేశావు?’ అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపుతాను.

నీ
మిత్రుడు