నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక

అమ్మలూ,

ఇంటర్వల్ పరుగు, అంటే కాసేపు వేగంగా పరుగు, కాసేపు నడక, మొదలుపెడతానన్నావు, చాలా సంతోషం. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. పరుగు ఆపేశాక కూడా రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందని వీడియోల్లో చెప్తారు కదా, దాని మీద ఆశ పెట్టుకోకు. ఆ అదనపు కేలరీల ఖర్చు ఉంటుంది గానీ చాలా తక్కువ. వేగంగా పరిగెత్తే నిమిషంలో కండరం ఎక్కువగా వాడుకునేది కూడా తనలో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వనే. వారాల తరబడి తిన్నదానికన్నా ఖర్చయ్యేది ఎక్కువైతేనే కొవ్వు తగ్గుతుంది. ఇంటర్వల్స్‌తో ఆ ఖర్చు తక్కువ సమయంలో అయిపోతుంది, దమ్ము త్వరగా పెరుగుతుంది. ఆఫీసు పనితో తీరిక లేని నీకు అవి నప్పేది అందుకే.

ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడువు, ఇంకో ఐదు నిమిషాలు మెల్లగా జాగింగ్ చెయ్యి. తర్వాత ఒక నిమిషం వేగంగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఆరుసార్లు. చివర ఐదు నిమిషాల నడకతో కలిపి 33 నిమిషాల్లో అయిపోతుంది. వారానికి రెండుసార్లే, మధ్యలో కనీసం రెండు రోజులు ఎడం ఉండాలి. మిగతా రోజుల్లో మామూలు నడక చాలు.

వేగం అంటే ప్రాణం పెట్టి పరిగెత్తడం కాదు. నీ పూర్తి శక్తి పది అనుకుంటే ఎనిమిది దగ్గర ఆగు. రెండు మూడు మాటలు పలకగలగాలి, వాక్యం పూర్తి చెయ్యలేకపోవాలి. ఆరోసారి కూడా మొదటిసారి వెళ్లినంత దూరం వెళ్లగలిగితే వేగం సరిపోయినట్టే. నాలుగోసారికే చతికిలబడితే మొదట్లో తొందరపడ్డావని అర్థం. ఇందులో చేతి వాచీ చూపే గుండె వేగాన్ని నమ్మకు. గుండె వేగం అందుకునేసరికే నిమిషం అయిపోతుంది.

రెండు వారాలయ్యాక ఎనిమిదిసార్లకు పెంచు. ఆ తర్వాతే నడకను ఒకటిన్నర నిమిషానికి తగ్గించు. రెండూ ఒకేసారి మార్చకు. 20 సెకన్ల పరుగు, 10 సెకన్ల విరామం అనే తబాటా పద్ధతి జోలికి ఇప్పుడే పోవద్దు. 1996లో జపాన్‌లో ఇజుమి తబాటా బృందం ప్రచురించిన ఆ ప్రయోగం సైకిల్ యంత్రం మీద, కసరత్తు అలవాటున్న కుర్రాళ్లతో చేసింది. అలవాటు లేకుండా అంత వేగంతో పరిగెత్తితే తొడ వెనక కండరం పట్టేస్తుంది.

సిమెంటు రోడ్డు కన్నా మట్టి గ్రౌండు మేలు. మోకాలి కింద ఎముక లోపలి అంచున నొప్పి పుడితే తట్టుకుని పరిగెత్తకు. అది ఎముక మీద భారం ఒక్కసారిగా పెరిగిందని చెప్పే గుర్తు. నొప్పి పోయేదాకా నడకే. ఎండాకాలం పొద్దున ఆరు లోపే ముగించు.

తిండి సంగతే అసలైనది. 70 కిలోల మనిషికి కిలోమీటరు పరుగుకి సుమారు 70 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మూడున్నర కిలోమీటర్లు తిరిగినా 250 దాటదు. ఒక మసాలా దోశ, తియ్యటి కాఫీ దాన్ని మింగేస్తాయి. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచు. రోజూ బరువు చూసుకుని దిగులుపడకు, ఒంట్లో నీటిని బట్టి కిలో అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. వారానికోసారి పరగడుపున నడుము కొలుచుకో. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మంచిది.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఏమాత్రం ఉన్నా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లు. మొదలుపెట్టే ముందే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. రక్తం తక్కువుంటే ఎంత పద్ధతిగా పరిగెత్తినా ఆయాసమే మిగులుతుంది. రిపోర్టులు రాగానే నాకు పంపు.

ప్రేమతో,
అమ్మ